ఆహారపరీక్ష: కొనువాని హక్కు
(ఒక పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



పాలలో నీళ్లు కలిసినవని ఇంట గొణుగుకొననివాడు మనలో లేడు. ఆ పాలు అమ్మినవానియెదుట నిలిచి, "వీనిని పరీక్షకు పంపుచున్నాను" అని చెప్పినవాడును లేడు. ఈ మౌనమును గూర్చియే నేడు రెండు మాటలు చెప్పదలచితిమి.

కల్తీని ఇంటనే పట్టగలమని కొందరి ధీమా. లాక్టోమీటరునే చూడుడు. అది పాల సాంద్రతను మాత్రమే తెలుపును. నీళ్లు పోసిన సాంద్రత తగ్గును. మీగడ తీసిన పెరుగును. మీగడ తీసి, ఆపైన కొలతగా నీళ్లు పోసినవాని పాలు ఆ గొట్టమునకు మంచిపాలవలెనే కనబడును! పాలలో నీటివలన పోవునది చాలవరకు డబ్బే యనుకొందము. నూనె సంగతి అట్లు కాదు. పొలముగట్లపై ముండ్లతో పెరుగు పచ్చపూల బ్రహ్మదండిని మీరెరుగుదురు. దాని గింజ ఆవగింజను పోలియుండును. ఉత్తరాదివారు వంటకు వాడు ఆవనూనెలో ఆ గింజలనూనె కలియుటచే 1998లో ఢిల్లీనగరమున అనేకులకు కాళ్లు వాచి, గుండె చెడి, అరువదిమందికి పైగా మరణించిరి. గాఢమైన నత్రికామ్లము చేర్చినచో ఆ కల్తీ ఎఱ్ఱని రంగుతో బయటపడును. కాని అది వంటయింట చేయదగిన పని కాదు.

కావున ప్రయోగశాలయు చట్టమును కావలెను. చట్టము మనకు క్రొత్తది కాదు. మదరాసు రాజధానియందు 1918లోనే కల్తీనివారణచట్టము పుట్టినది. స్వరాజ్యము వచ్చిన పిదప 1954లో దేశమంతటికి ఒకటి చేసిరి. దాని స్థానమున 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5 నుండి అమలునకు వచ్చినది. దీనిప్రకారము అధికారి తీసిన మచ్చు నాలుగు భాగములై ముద్రవేయబడవలెను. ఒకటి ఆహారవిశ్లేషకునకు, రెండు నియుక్తాధికారివద్ద భద్రముగా, నాలుగవది, వర్తకుడు కోరినచో, గుర్తింపుగల వేరొక ప్రయోగశాలకు. విశ్లేషకుడు 14 దినములలో నివేదిక పంపవలెను.

ఇన్ని సీసాలేలయని నవ్వువారు కలరు. న్యాయవాదులమైన మేము నవ్వజాలము. పాతచట్టము క్రింద ఢిల్లీ నగరపాలకులు ఒక పెరుగువర్తకునిపై అభియోగము తెచ్చిరి. తెచ్చుటలో జాగు చేసిరి. అతడు రెండవమారు పరీక్ష కోరునప్పటికి దాచియుంచిన పెరుగు చెడిపోయినది. అతని విడుదల సరియేయని సుప్రీంకోర్టువారు నిర్ణయించిరి. 1967 తీర్పుల సంపుటములలో చూడవచ్చును. తీర్పు న్యాయమే. ముద్దాయి హక్కును త్రొక్కి ప్రజారోగ్యమును కాపాడుట తగదు. అయినను అట్టి జాగునే పట్టుకొని మేమును కొందరిని విడిపించితిమి, ఫీజును పుచ్చుకొంటిమి. వారందరు నిర్దోషులని మేము నాడును నమ్మలేదు.

ఇక మన వంతు. ఆ చట్టము 40వ సెక్షనుప్రకారము కొనువాడెవడైనను రుసుము చెల్లించి విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో రుసుము తిరిగి రాబట్టుకొను హక్కు కలదు. విశ్లేషకుడు నివేదికను నియుక్తాధికారికి పంపితీరవలెను. కాని కొనునప్పుడే ఆ సంగతి వర్తకునితో చెప్పవలెనని షరతు. ఇచ్చటనే మనకు నోరు పెగలదు. అతడు మన వీధివాడు, నెలాఖరున అరువిచ్చువాడు, మన యింటి పెండ్లికి వచ్చినవాడు. ఒక్కడు పోయి చెప్పిన పగబట్టినాడందురు. పదిమంది కలిసి, ఏ అంగడిని విడువక, వరుసగా పోయి చెప్పిన ఎవరికిని కోపము రానవసరము లేదు. ఈ మందిరసభ్యులు అందుకు పూనుకొనవలెను. రుసుమునకు తొలిచందా మేమిచ్చుచున్నాము. మొదటి మచ్చు మా యింటికి పాలు పోయువానిదే కానిండు. రేపు ఉదయము చెంబు పట్టునప్పుడే అతనితో చెప్పెదము.