సాలీడు పెరుగుదల, వర్తకుని లెక్క
(మన సంఘపు వారాంత సమావేశమున చేసిన ఉపన్యాసము)



క్రిందటి వారము మన సంఘపు చిరంజీవి యొకడు మా అంగడికి వచ్చి, టారంటులా యను పెద్ద సాలీడును పెంచదలచితిననియు, అది యెన్నాళ్లకు అరచేయంత యగుననియు మమ్మడిగెను. మేము మెట్రిక్యులేషను వరకే చదివినవారము. అయినను సరకు ఎన్నాళ్లకు చేతికి వచ్చునను ప్రశ్న వర్తకునకు క్రొత్తది కాదు గదా!

సాలీడునకు ఎముకలు లేవు. పైనున్న పెంకే దానికి ఆధారము; ఆ పెంకు సాగదు. కావున అది మన బిడ్డలవలె దినదినము పెరుగదు. కుబుసము విడిచి, క్రొత్త పెంకు గట్టిపడులోపల ఒక్కమారుగా పెరుగును. పసితనమున కొన్ని వారములకో నెలలకో ఒక కుబుసము. పెద్దదైన పిమ్మట ఏడాదికో రెండేండ్లకో ఒకటి. మెక్సికో పశ్చిమ తీరపు ఎర్రమోకాళ్ల సాలీడు పుట్టినప్పుడు కొన్ని మిల్లీమీటర్లే. ఆడుది ఈడేరుటకు ఆరేడేండ్లు మొదలు పదేండ్ల వరకు పట్టును. ఇరువదియేండ్లకు పైగా జీవించును. మగది ముందుగా ఈడేరి, ఏడాది రెండేండ్లలో గతించును. వెచ్చదనము, మేత హెచ్చించిన కొంత త్వరపడును గాని, అతిగా మేపిన కడుపుబ్బి, కొద్ది యెత్తునుండి పడినను పగిలి చచ్చును.

ఇక మా లెక్క వినుడు. పిల్లను పెంచి అమ్మువాడు ఏండ్ల తరబడి పెట్టుబడి బిగించుకొనవలెను. అడవిలో పట్టి తెచ్చువానికి ఒక్క పూట పని. బేరమున వీడే గెలుచును. కాని పట్టుబడిన ఆడుదాని స్థానము అడవిలో నిండుటకు మరల పదేండ్లు కావలెను. ఇట్టి వర్తకమును అదుపుచేయుటకే 1985లో ఆ జాతిని సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో చేర్చిరి.

గుత్తి యనగానే మనకు కోట తలపునకు వచ్చును. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించిన నీలి సాలీడును ఆ యూరిదే. రైల్వే కలప యార్డున దొరికినది. పిదప సుమారు నూరేండ్లు ఎవరికిని కానరాక, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో మరల కనబడినది. ఇది మెక్సికోదానికంటె త్వరగానే పెరుగును. అయినను దాని నివాసము నూరు చదరపు కిలోమీటర్లకు లోపే యగుటచేత, 2008లో మిక్కిలి ఆపదనున్న జాతిగా ప్రకటించిరి. పరదేశములలో దానిని పెంచువారు పెక్కురు. 2019లో అదియు సైటీస్ పట్టికకెక్కినది.

ఆ చిరంజీవితో మేమిట్లంటిమి: "నాయనా, అమ్మువాడు అది యెచ్చటి గ్రుడ్లనుండి పెరిగినదో కాగితము చూపనిచో కొనవలదు. 2022 చట్ట సవరణ ననుసరించి ఇట్టి జంతువును ఉంచుకొన్నవారు సర్కారునకు తెలుపవలెను. ముందు మీ అమ్మగారిని అడుగుము. నీకు పెండ్లియైన తరువాత కూడ అది ఇంటనే యుండును."

అతడు మరల రాలేదు.