పులికీ మనకూ నడుమ అద్దం

మన మంచిర్యాల జిల్లా అడవుల్లోనూ పరుచుకున్న కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది కాబట్టి, మందమర్రి వాళ్లకు పులి మాట కొత్త కాదు. కళ్లారా చూడాలంటే మాత్రం పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ జూపార్కుకే పోతాం. 1963లో తెరిచిన ఆ జూలో పులికీ జనానికీ మధ్య కందకం కట్టారు. ఇప్పుడు ఎన్నో జూలలో కందకం బదులు అద్దం పెడుతున్నారు. పులి అడుగు దూరంలోనే ఉంటుంది. మరి అద్దం పగలదా?

మామూలుదైతే పగులుతుంది. అందుకే అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాచి, ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. పైపొర ముందే గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ పైపొరను బిగపట్టి ఉంచుతుంది. ఇలా చేసిన టఫెన్డ్ గ్లాస్ మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు బలం. కానీ పగిలితే మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది.

కాబట్టి రెండు మూడు పలకల మధ్య సాగే ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో ఒత్తి అతికిస్తారు. బస్సు ముందద్దం పగిలినా రాలనిది ఈ పొర వల్లే. ఒక పలక పగిలినా మిగతావి అడ్డుంటాయి. పులిని లోపలి గదిలోకి తోలడానికి సిబ్బందికి టైం దొరుకుతుంది.

30 మిల్లీమీటర్ల మందం అద్దం చదరపు మీటరుకు 75 కిలోలు తూగుతుంది. ఫ్రేమ్ ఆ బరువు మోయాలి, ఇనుము అద్దానికి తగలకుండా రబ్బరు పట్టీ వేయాలి. టఫెన్డ్ గ్లాస్‌కు అంచులే బలహీనం మరి.

జూకు పోతే అద్దాన్ని నాణెంతో కొట్టకండి, పిల్లల్ని కొట్టనివ్వకండి. గీతలు పడితే అద్దం బలం తగ్గుతుంది, ఆ చప్పుడుకు జంతువు బెదురుతుంది.