దారి తప్పిన పశువు – తప్పని ధర్మం

(కార్తీక సోమవారం నాడు ఆలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మండపంలో గోదాన మహిమను గురించి తరచుగా వింటుంటాము. నేడు నేను దానమిచ్చిన గోవును గురించి కాక, పొరుగువాని కొట్టం నుండి తప్పించుకొని మన చేనిలో పడిన పశువును గురించి విన్నవించదలచాను. దానమిచ్చే గోవుకు పసుపు కుంకుమలు అలంకరిస్తాము. పంట మేసే పశువును చూడగానే చేతికి కర్ర వస్తుంది. మన ధర్మానికి పరీక్ష ఆ రెండవ చోటనే ఉన్నది.

భాగవత దశమ స్కంధంలోని నృగ మహారాజు కథ మీరు ఎరిగినదే. ఆయన లెక్కకు మిక్కిలిగా గోవులను దానం చేసిన పుణ్యాత్ముడు. ఒక విప్రునిదైన గోవు దారి తప్పి రాజుగారి మందలో కలిసింది. రాజు ఎరుగక దానిని వేరొకరికి ధారపోశాడు. ఇద్దరూ వచ్చి నాదంటే నాదన్నారు. ప్రతిగా లక్ష గోవులిస్తానన్నా ఎవ్వరూ సమ్మతించలేదు. అంతటి దాత ఊసరవెల్లియై బావిలో పడి, శ్రీకృష్ణుని కరస్పర్శతో గాని విముక్తి పొందలేదు. మందలో చేరిన పశువు ఎవరిదని విచారించకపోవడం ఎంత దానాన్నైనా మాపగలదని ఈ కథ నాకు నేర్పింది.

ఈ తగవు ఎంత పాతదో ధర్మశాస్త్రాలు చెబుతాయి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం గ్రామం చుట్టూ నూరు ధనువుల మేర పశువులకు విడువవలెనన్నది. అక్కడ కంచె లేని పైరును పశువు మేస్తే కాపరిని దండించరాదన్నది. ఒంటె తల ఎత్తినా లోపలికి కనబడనంత ఎత్తుగా, కుక్క గాని పంది గాని మూతి దూర్చలేనంత దట్టంగా కంచె వేసుకోవాలన్నది. ఈని పది రోజులు నిండని ఆవుకూ, దేవుని పేర విడిచిన పశువుకూ దండన లేదన్నది. కంచె చేనుగలవాని ధర్మం, కాపలా పశువుగలవాని ధర్మం అని దీని సారాంశం.

ఇంత చదివిన నేనే ఒకనాడు తప్పినాను. పటాన్‌చెరు దాటిన తరువాత మాకు కొంత మెట్టచేను ఉండేది. పొరుగు రైతు బర్రెలు రెండు అంతకుముందే మా కందిలో పడి మేశాయి. అడిగితే అతడు ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు అవే బర్రెలు జొన్న కోసిన చేనిలో దిగి, కొయ్యకాళ్ళ నుండి లేచిన లేత పిలకలను మేస్తున్నాయి. అదిలించి తోలవలసిన నేను, ఈసారి సాక్షులతో పట్టించాలని ఊరిలోని పెద్దలను పిలవబోయాను. ఆ పిలకలే నాము అని, అందులోని విషం పశువును గడియలో కూల్చగలదని తెలియనివాడను కాను. కోపంలో ఆ తెలివి అక్కరకు రాలేదు.

పెద్దలతో తిరిగి వచ్చేసరికి పాడిబర్రె నేలకూలి ఎగశ్వాస తీస్తున్నది. పశువైద్యుడు వచ్చి సూదిమందు వేసి రెండవదానిని బ్రతికించగలిగాడు. పాడిబర్రె దక్కలేదు. ఆ రైతు దాని తలను ఒడిలో పెట్టుకొని, "జర అదిలిస్తే ఎల్లిపోయేటివి గదనే, అన్నా!" అన్నాడు. నా వెంట వచ్చిన సాక్షులు తలలు వంచుకున్నారు. ఆ పిలకల వెల ఎంత? ఏమీ లేదు. మరునాడు మా కొట్టంలోని పడ్డను తీసుకుపోయి అతని గుంజకు కట్టాను. అది పరిహారమే గాని ప్రాయశ్చిత్తం కాదు.

మన ప్రాంతంలో ఈ మాటకు మరొక ముఖం ఉన్నది. 1970ల దశకం నుండి ఇక్కడ పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థాలతో నక్కవాగు చెడి, ఆ వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. మేత బీళ్ళు పలుచోట్ల ప్రహరీలలో, ప్లాట్లలో కలిసిపోయాయి. వాగు నీరు తాగించలేక, బీడు చూపలేక ఉన్న పశుకాపరిని దొంగగా చూడటం సులభం. ఆ పశువుకు దారి మనమే మూసినామేమోనని తలచడం కష్టం.

కనుక నా విన్నపం. పశువు చేనిలో పడితే ముందు వెలుపలికి తోలండి, పిమ్మట నష్టం లెక్కించండి. యజమానికి వెంటనే కబురు చేయండి. కట్టివేయవలసి వస్తే నీడ, నీరు, మేత సమకూర్చండి. మీ గుంజకు ఉన్నంతసేపు మీరే దాని కాపరి. నష్టాన్ని ఇరువురికీ నచ్చిన పెద్దల ఎదుట తేల్చుకోండి. మాటిమాటికీ జరిగితే పంచాయతీకి గాని మునిసిపాలిటీకి గాని చెప్పి బందెలదొడ్డి దారి చూడవచ్చును. అంతేగాని కంచె తీగకు కరెంటు మాత్రం పెట్టకండి. అది నేరం. అడవిపంది కోసమని పెట్టిన తీగ పొరుగింటి ఆవును గాని, చీకటిలో వచ్చే పొరుగింటి పిల్లవానిని గాని పోల్చుకోదు.

పశువులు గలవారికీ ఒక మాట. పాలు పిండుకొని పశువును ఊరిమీదికి వదలడం గోసేవ కాదు. మేసిన పంటకు వెల అడగకముందే ఇవ్వండి. నాడు ఆ రైతు కంది నష్టం ఒప్పుకొని ఉంటే నేను సాక్షుల కోసం పోయేవాడను కాను. మొక్కుకొని కోడెను విడిచే భక్తులు కూడా దాని మేతకు, నీడకు ఏర్పాటు చూసిన పిమ్మటనే విడవండి.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని పెద్దలన్నారు. గట్టు తగవులో మన నడవడినే మన పిల్లలు నేర్చుకుంటారు. వారికి పగను కాక పొరుగును అప్పగించే బుద్ధిని ఆ స్వామి మనకు ప్రసాదించుగాక!

స్వస్తి.