విషాదములో నిర్ణయము వలదు



మొన్న ఏకాదశినాడు ప్రవచనానంతరము ఒక రైతు తన కుమారునితో కూడ మా వద్దకు వచ్చినాడు. పిల్లవాడు ఇంజనీరింగు మొదటి సంవత్సరము చదివి, భౌతికశాస్త్రములో రెండు పర్యాయములు తప్పినాడు. "అర ఎకరము అమ్మి ఫీజు కట్టితిని. చదువు మానిపించవలెనా, కొనసాగించవలెనా? తమరే సెలవియ్యండి స్వామీ" అని తండ్రి అడిగినాడు. పిల్లవాడు తల ఎత్తలేదు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. కనుక మనమందరము విచారింతము.

భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. యుద్ధముకన్న భిక్షాటనమే మేలనుకొన్న అర్జునుని నిశ్చయమును భగవానుడు అంగీకరించలేదు. ఏలయన, అది దుఃఖములో పుట్టినది. అయినను సమస్తమును బోధించిన పిదప 18వ అధ్యాయమున, ఆలోచించుకొని నీ ఇష్టప్రకారము చేయుమని నిర్ణయమును అర్జునునికే విడిచినాడు. దుఃఖములో నిర్ణయింపరాదు, విచారించిన పిదప నిర్ణయము ఇతరులది కారాదు.

"రాని చదువు పరధర్మము గదా" అని కొందరందురు. కష్టమైనదెల్ల పరధర్మము కాదు. అర్జునునికి యుద్ధము కష్టమైనదే గాని పరధర్మము కాదు.

మరి విచారణ ఎట్లు? మొదట, లోపమెక్కడిదో చూడవలెను. మనవైపు ఈఏపీసెట్ పరీక్షలో 160 మార్కులకు గణితమునకు 80, భౌతికశాస్త్రమునకు 40 మాత్రమే. గణితబలముతో, కంఠస్థము చేసిన సూత్రములతో సీటు పొందవచ్చును. అట్టివానికి ఇప్పుడు బయటపడిన లోపము ఇంటర్మీడియెట్‌నాటిది. దానికి మందు ఆ పాతపుస్తకములను మరల తెరచుటయే.

రెండవది, శాఖను చూడవలెను. సివిల్, మెకానికల్ శాఖలకు బలములు, చలనము పునాది. ఎలక్ట్రికల్‌కు విద్యుదయస్కాంతత్వము పునాది. అక్కడ భౌతికశాస్త్రముపై వైముఖ్యమున్నచో గట్టిగా ఆలోచింపవలెను. కంప్యూటర్ శాఖలో పైతరగతులు అధికముగా గణితము, తర్కము, ప్రోగ్రామింగులపై నడచును. అక్కడ ఈ ఒక్క పేపరు మొత్తము చదువునకు కొలబద్ద కాదు.

మూడవది, మనస్సు నడుగవలెను. ఈ ఒక్క సబ్జెక్టు లేకున్నచో తక్కినవి సంతోషముతో చదువుదునా? అవునన్నచో అది అలసట మాత్రమే. కాదన్నచో మరొక విద్య నాశ్రయించుట అపజయము కాదు. సరస్వతి ఒక్క కళాశాలలోనే లేదు.

ఇవి చెప్పి మేము తండ్రివైపు తిరిగి, "అమ్మిన పొలమును బిడ్డ మెడకు కట్టవద్దు. ఏది నిర్ణయించుకొన్నను ఇంటి తలుపు తెరచియుండునని ఇప్పుడే, వాని యెదుటనే చెప్పుము. మార్కులు మరల వచ్చును, మనిషి రాడు" అంటిమి. ఆయన కొంతసేపు మౌనముగానుండి, "పొలముదేమున్నది నాయనా, నీవుంటే చాలును" అన్నాడు. పిల్లవాడు అప్పుడు తల ఎత్తినాడు.

సప్లిమెంటరీ పరీక్ష మరొక్కసారి వ్రాసి, ఆపైన నిర్ణయించుకొందునని చెప్పి వెళ్ళినాడు. ఉత్తీర్ణుడగునో కాదో ఈశ్వరునికెరుక. నిర్ణయము మాత్రము భయమునుండి పుట్టినది కాదు. మాకు అదియే సంతోషము.

స్వస్తి.