పొగకు పోతున్న పెట్టుబడి

(ప్రపంచ పొగాకు వ్యతిరేక దినమైన మే 31న కోఠిలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ మద్దతు ధర, ఎరువుల కొరత, బ్యాంకు అప్పుల గురించే మాట్లాడుకుంటాం. ఈరోజు మనకు తెలిసే మన జేబులోంచి పోతున్న ఒక ఖర్చు గురించి చెబుతాను. నేనూ పాతికేళ్లు సిగరెట్ కాల్చినవాణ్ణే. అందుకే నీతులు చెప్పను, లెక్క చెబుతాను.

సిగరెట్ పది రూపాయలనుకుందాం. రోజుకు పది కాలిస్తే వంద. ఏడాదికి 36,500. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. అంటే మూడెకరాల రైతుకు వచ్చే 36,000 మొత్తం పొగైపోయి, పైన ఇంకో 500 చేతినుంచి పడింది. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. దానికోసం తెల్లారకముందే లైన్లో నిలబడతాం. మూడు రోజుల సిగరెట్ల డబ్బుతో ఆ బస్తా వస్తుంది. లాభం కంపెనీకి, పన్ను సర్కారుకు, దగ్గు మనకు.

బీడీ చవక కదా అంటారు. హాని మాత్రం చవక కాదు. ఆరిపోకుండా ఇంకా గట్టిగా పీల్చాలి. పురుగుమందు కొట్టిన చేత్తోనే వెలిగిస్తే ఆ మందూ నోట్లోకి పోతుంది. గడ్డివాము దగ్గర పారేసిన ఒక్క ముక్క చాలు, పశువుల ఏడాది మేత బూడిదవడానికి.

అసలు ఖర్చు తర్వాత వస్తుంది. ఈ కోఠిలోనే ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రెండూ సర్కారువే. వైద్యానికి డబ్బు తీసుకోకపోయినా బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి, పట్నంలో తిండి, కోతల వేళ చూసేవాళ్లు లేని పొలం, వీటికి ఎవరిస్తారు? మిత్తికి తేవాల్సిందే. రైతు బీమా 59 ఏళ్ల వరకే. ఆ పైన ఊపిరితిత్తులో, గుండెనో దెబ్బతిని మనిషి పోతే ఇంట్లో మిగిలేది అప్పే.

బావి దగ్గర రాత్రి కరెంటు కోసం కాపలా కాస్తూ, ధర పడిన దిగులుతో కాలుస్తామని నాకు తెలుసు. ఆ రెండింటి మీదా సంఘం కొట్లాడుతుంది. కొట్లాడటానికి మీరు ఉండాలి కదా!

పొగాకు పండించే రైతులతో, బీడీలు చుట్టే అక్కలతో మనకు తగాదా లేదు. వాళ్లకు గిట్టుబాటయ్యే వేరే పంట, వేరే పని చూపమని సర్కారునే అడుగుదాం.

మానేసిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు, కాల్చేవాళ్లతో పోలిస్తే, దాదాపు సగమవుతుంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, నోట్లో పుండు మానకపోయినా ఆలస్యం చేయవద్దు.

వానాకాలం సాగు ముందుంది. రేపటి నుంచి రోజూ ఆ వంద ఒక డబ్బాలో వేయండి. సెప్టెంబరు ఆఖరున తెరిచి లెక్కపెట్టండి. 12,200 ఉంటాయి. ఎకరం రైతు భరోసా మీ ఇంట్లోనే ఉన్నట్టు.