పరభాషలో పసివారి బడి



పరదేశమున ఉపాధ్యాయ శిక్షణకు పోయినవారికి మొదటి పరీక్ష పెట్టువారు మూడు నాలుగేండ్ల పిల్లలు.

హైదరాబాదుకు ఉత్తరమున గండిమైసమ్మ కూడలి చుట్టుపట్ల నేడు కళాశాలలు చాల ఉన్నవి. ఆ ప్రాంతపు యువతి యొకతె శిశువిద్యలో శిక్షణకై జర్మనీ వెళ్ళినదనుకొందము. కిండర్‌గార్టెన్‌కు పుట్టినిల్లు ఆ దేశమే. 1840లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన శిశుపాఠశాలకు ఆ పేరు పెట్టెను. పిల్లల తోట అని దాని యర్థము.

ఆమె జర్మను భాషలో పరీక్షలు నెగ్గినదే. కాని పసివారి ముద్దుపలుకులు ఏ వ్యాకరణములోను దొరకవు. ఆమె ఉచ్చారణ తప్పినచో పెద్దలు మర్యాదకు ఊరకుందురు; పిల్లలు పకపక నవ్వుదురు. ఒక బాలుడు కోటు తొడుగుకొనలేక తంటాలు పడుచుండ ఆమె చేయి చాచును. వానిని తనంతట తొడుగుకొననిమ్మని పెద్ద ఉపాధ్యాయిని వారించును. ముద్ద కలిపి నోటికందించు ఇంట పెరిగిన పిల్లకు ఈ వేచియుండుట కష్టమే.

మాట సాగనందున ఆమె చూడ నేర్చుకొనును. ఎవరు ఏ బొమ్మ నెత్తుకొనుచున్నారు, ఎవరు గోడవార ఒంటరిగా నిలిచినారు, ఎవరు ఏడ్వబోవుచున్నారు అని కనిపెట్టుచుండును.

భాష రాని దేశమున పిల్లలను గమనించి, ఇతరులకు గమనింప నేర్పిన మహనీయురాలు మేరియా మాంటిస్సోరి. దివ్యజ్ఞాన సమాజము వారి పిలుపుపై ఆమె 1939లో, తన 69వ యేట, మద్రాసు నగరమున అడయారునకు వచ్చెను. నాడు ఆంధ్ర జిల్లాలకును మద్రాసే రాజధాని. ఆమె ఇటాలియనులో బోధింప, కుమారుడు మారియో ఇంగ్లీషులో వినిపించుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా ప్రభుత్వము మారియోను నిర్బంధించి, ఆగస్టు 31న, ఆమె 70వ జన్మదినమున, విడిచిపెట్టెను. 1946లో ఐరోపాకు మరలువరకు ఆమె ఈ దేశముననే ఉపాధ్యాయులను తీర్చిదిద్దెను.

మన యువతి అనుభవమునకు ఆమె స్వస్థలముననే అక్కర యున్నది. నగరపు ఆ అంచులకు కట్టడపు పనులకై, కర్మాగారముల పనులకై బిహారు, ఒడిశాలనుండి కుటుంబములు వచ్చుచున్నవి. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన మూడు మొదలు ఆరేండ్ల వారికి అంగన్‌వాడీ తొలి బడియైనది. హిందీయో ఒడియాయో మాటాడు బిడ్డకు తెలుగు అంగన్‌వాడీయే పరదేశము.

క్రొత్త భాష నడుమ పడిన బిడ్డ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, నోరు విప్పకయే వినుచుండును. ఆ మౌనమున భాష లోలోన కుదురుకొనుచుండును. దానిని చూచి మందబుద్ధియని ముద్ర వేసినచో ఆ ముద్ర పైతరగతులకును వెంట పోవును. తానును అట్లు మూగయై కూర్చున్న ఉపాధ్యాయిని అంత తొందరపడదు.

చేయవలసినది కొంచెమే. బిడ్డ పేరును తల్లి పిలిచినట్లు పిలువవలెను. నీళ్ళు, ఆకలి, నొప్పి, అమ్మ అను నాలుగు మాటలను వాని భాషలో నేర్చుకొనవలెను. నోరు మెదపనివానిని చేతితో చూపనీయవలెను. అందరును కలిసి పాడు పాటలో వానిని కూర్చుండబెట్టవలెను. మీ వీథి అంగన్‌వాడీలో అట్టి బిడ్డ యున్నచో, ఆ మాటలను తల్లినడిగి టీచరుకు తెలుపుట మీరును చేయదగిన పనియే.