పద్దుకు తగిన డేటాబేస్

హోసూరులోనో బళ్ళారిలోనో మీరొక తెలుగు గ్రంథాలయం నడుపుతున్నారనుకోండి. పుస్తకాల జాబితా, సభ్యుల పద్దు కంప్యూటరుకు ఎక్కించాలి. ఏ డేటాబేస్ ఎంచుకోవాలి?

ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఒకే సమయంలో ఎంతమంది పద్దు రాస్తారు? ఒక్కరే అయితే ఎస్‌క్యూలైట్ చాలు. అమెరికాలో రిచర్డ్ హిప్ 2000లో రూపొందించి, హక్కులు వదులుకొని ప్రజలపరం చేసిన సాధనమిది. దీనికి వేరే సర్వరు అక్కరలేదు; వాడే ప్రోగ్రాములోనే ఇమిడి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే ఉంది. తెలుగు, కన్నడ, తమిళ పేర్లను ఒకే పట్టికలో రాసుకోవచ్చు. పట్టికలు నింపడానికి డీబీ బ్రౌజర్ అనే ఉచిత ప్రోగ్రాము దొరుకుతుంది. పద్దంతా ఒకే ఫైలులో ఉంటుంది.

అయితే ఎందరు చదివినా, రాసేది మాత్రం ఒకసారికి ఒక్కరే. ఆ ఫైలును నెట్‌వర్కులో పెట్టి నాలుగు కంప్యూటర్ల నుంచి రాస్తే పద్దు చెడిపోయే ప్రమాదం ఉంది. అటువంటి చోట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి సర్వరు డేటాబేస్ మేలు.

మరొక మాట. పద్దు రాస్తుండగా ఫైలుకు నకలు తీయకండి. ప్రోగ్రాము మూసి, నకలు తీసి, వేరొక చోట భద్రపరచండి. ఏళ్ల తరబడి కూర్చిన జాబితా పోతే, మళ్ళీ కూర్చేవారు దొరకడం కష్టం.